యాదవ్వకు బియ్యమిచ్చిన్రు

కామారెడ్డి,
24 జూలై 1938

అక్కకు దండాలు.

ఇక్కడ అంతా క్షేమమే. వానలు పట్టుకున్నాక స్టేషన్ గోదాములో బస్తాల కింద తేమ చేరుతోంది. పగలంతా వాటిని ఎత్తించడం, దింపించడం. నవల రాసుకోవడానికి పొద్దున్నే ఒక గంట మాత్రం దొరుకుతోంది.

విషయానికి వస్తాను. నవలలోంచి యాదవ్వను తీసేస్తున్నాను. పది రోజులు ఆలోచించే ఈ నిర్ణయానికి వచ్చాను. ఊరు నీళ్లలో మునగబోతుంటే జనం మూటలు కట్టుకునే కథ ఇది. ఆ ముసలమ్మ ఎక్కడ కనిపిస్తే అక్కడ చతికిలబడి తిట్లు లంకించుకుంటుంది. కథ కాస్తా ఆమె ముందు ఆగిపోతుంది. ఇండ్లు కొలవడానికి వచ్చిన గిర్దావరును తిట్టే ఘట్టం ఒక్కటే పదకొండు పేజీలయింది. కథానాయిక విమల చదువుకున్న పిల్ల, పాపం ఆమె నోరు తెరవడానికి సందే లేదు.

నీకు పంపిన ఎనిమిది అధ్యాయాలే సాపు ప్రతి, నా దగ్గర ఉన్నది చిత్తు ప్రతి. ఆ కట్ట మోటారు నడిపే యాకూబు చేతికిచ్చి పంపించు. యాదవ్వ ఉన్న కాగితాలు చింపేసి మిగతావి సరిచేసుకుంటాను.

మీ వసారాలో మధ్యాహ్నం పూట మోదుగాకుల ఇస్తార్లు కుట్టే ఆడవాళ్లకు నువ్వు ఈ నవల చదివి వినిపిస్తున్నావని తెలుసు. ఈ సంగతి వాళ్లకు చెప్పకు. అనవసరమైన రభస.

బావను అడిగినట్టు చెప్పు.
తమ్ముడు, హన్మంతు


ఎల్లారెడ్డి,
శ్రావణ శుద్ధ పంచమి

హన్మంతూ,

ఈసారి ఆశీర్వాదం రాస్తలేను. నీ ఉత్తరం చదివినంక చెయ్యి రాలే.

యాదవ్వను తీసేస్తవా? ఎవడివిరా నువ్వు తీసెయ్యనీకి? నేనే రాసిన గద అంటవు. కన్నతల్లి గూడ కన్నది. కన్న గద అని పిల్లను తీస్కపోయి బాయిల వేస్తదా?

నీకు ఇక్కడి సంగతి తెల్వది. పగటి బువ్వ తిన్నంక పదిమంది వచ్చి వసారాల కూసుంటరు. ఒక చేత ఆకు, ఒక చేత పుల్ల. నేను చదువుతుంటె కుడుతరు. కుట్టిన ఇస్తార్లు వంకర పోకుంట కట్ట మీద మన ఎంకవ్వత్త తెచ్చుకున్న రాయి పెడత. మొన్న సత్యమ్మ మొగడు తాగొచ్చి చెయ్యెత్తిండట. "ఎత్తినవు గద, గట్లనే పట్టుకో, ఇంటికప్పు ఒరిగింది" అన్నదట సత్యమ్మ. నీ యాదవ్వ గిర్దావరును అన్న మాటనే! వాడు నవ్వలేక ఏడ్వలేక చెయ్యి దించిండు. నీ విమల మాట ఒక్కటన్న ఎవరికన్న యాదికున్నదా అని అడిగిన. "విమలెవరు?" అన్నది గంగాబాయి.

ఇంకో మాట. యాదవ్వ ఎవరో నేను ఆనవాలు పట్టలేదనుకున్నవా? ఉల్లిగడ్డ కొరకంది ముద్ద ముట్టది. కోపమొస్తె కొంగు నడుముకు చెక్కుతది. తిట్టినంక పిలిచి బువ్వ పెడతది. అమ్మ పోయినంక మనిద్దరిని ఎత్తుకొని పెంచిన మేనత్త గాదా అది? పేరు మార్చినవు గని నోరు మార్చలే. ఆ నోటి బువ్వ తిని పెరిగినోనివి, ఇయ్యాల కథకు అడ్డమొచ్చిందా? ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, దాటినంక బోడి మల్లయ్య!

కాయితాలు పంపను. కావాలంటె వచ్చి తీస్కపో. ఏడేండ్లాయె ఈ గడప తొక్కక.

రాజమణి


కామారెడ్డి,
9 ఆగస్టు 1938

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. అయినా నిదానంగానే రాస్తున్నాను.

నవల అంటే ఇంటి ముచ్చట కాదు. దానికి ఒక కట్టుబడి ఉంటుంది. ఏ మనిషి ఎంతసేపు ఉండాలో రాసేవాడికి తెలియాలి. పట్నంలో ఒక పెద్దమనిషి ఉన్నాడు, నవలలు అచ్చు వేయిస్తాడు. ఆయనకు నాలుగు అధ్యాయాలు చూపించాను. ముసలమ్మ మాటలు మరీ మొరటుగా ఉన్నాయన్నాడు. నాకు అచ్చు కావాలా, మీ వసారాలో మెప్పు కావాలా?

ఎంకవ్వత్తకూ యాదవ్వకూ ఏ సంబంధమూ లేదు. ఉల్లిగడ్డ ఊరందరూ తింటారు. ప్రతిదానికీ అత్తను తీసుకురాకు. ఆ రాయి సంగతి ఉత్తరంలో ఎందుకు రాశావో నాకు అర్థం కాలేదనుకోకు.

నీ కోపానికి అసలు కారణం నేను చెబుతాను. పదిమంది చుట్టూ కూర్చుని నీ నోటివైపు చూస్తుంటే నీకు గొప్పగా ఉంది. యాదవ్వ పోతే ఆ గొప్ప పోతుందని నీ బాధ. అంతకుమించి ఏమీ లేదు.

తొమ్మిదో అధ్యాయం కొత్తగా రాసి యాకూబు చేతికిచ్చాను. ఇందులో యాదవ్వ లేదు. గిర్దావరు ఇండ్లు కొలవడానికి మళ్లీ వస్తే విమలే ఎదురు నిలిచి, "అయ్యా, ఇది తమకు న్యాయమేనా?" అని అడుగుతుంది. చదివి వినిపించు. ఎవరు లేకపోయినా కథ నడుస్తుందని మీకే తెలుస్తుంది.

పాత కాగితాలు మాత్రం వెంటనే పంపు.

హన్మంతు


ఎల్లారెడ్డి,
శ్రావణ బహుళ దశమి

హన్మంతూ,

గొప్ప కోసమా? నీ నోట్ల మన్ను వడ. జరమొచ్చి నువ్వు మూడు నెలలు లేవకుంట పడి ఉన్నప్పుడు మంచం కాడ కూసుండి అక్షరాలు దిద్దిచ్చిన గదరా, గది గూడ గొప్ప కోసమేనా? పట్నపాయన ఒక్క మాటంటె మనోళ్ల నోరు నీకు మొరటైపోయింది. రేపు ఆయన అక్క గూడ మొరటే అంటె నన్ను ఏం చేస్తవు?

నీ తొమ్మిదో అధ్యాయం చదివిన. పెట్టెల దాస్తె దాచిననంటవని ఒక్క ముక్క ఇడువకుంట పైకి చదివిన. నీ విమల "అయ్యా, ఇది తమకు న్యాయమేనా?" అన్నది. గంగాబాయి ఆవులిచ్చింది. "యాదవ్వేది? గిర్దావరు వచ్చినా బయటికి రాలేదేంది?" అన్నది సత్యమ్మ.

మా తమ్ముడు ఆమెను కథల నుంచి తీసేసిండు అంటె వాళ్లకేం ఎక్కుతది? మనిషిని తీసెయ్యుడేందంటరు. నాకు నీ మీద మంట. నోటికి వచ్చింది అన్న, "యాదవ్వ పోయింది" అని.

"ఎట్ల పోయింది?"

"జరమొచ్చి పోయింది."

సత్యమ్మ పుల్ల కింద పెట్టింది. ఇంకెవరు ముట్టలే. ఆ పొద్దు కుట్టింది నాలుగు ఇస్తార్లు. గంగాబాయి పోతపోత గడప కాడ ఆగి, "ఆకరికి దగ్గర ఎవలన్న ఉన్నరా?" అని అడిగింది. ఏం చెప్పాలె? నువ్వు చెప్పు, ఎవలున్నరు?

ఇగ నీ నవల నువ్వే చదువుకో. మీ బావ గూడ నన్నే తిడుతుండు, కాయితాలు ఇచ్చెయ్యి, అక్కతమ్ముండ్లు కొట్టుకునుడేంది అని. ఇయ్యనంటె ఇయ్యను.

రాజమణి


కామారెడ్డి,
29 ఆగస్టు 1938

అక్కా,

చచ్చిందని చెప్పమని నీకెవరు చెప్పారు? నేను ఆమె చావు రాయలేదు. నేను రాయని దాన్ని నా పేరు మీద చదివి వినిపించే హక్కు నీకు లేదు.

యాదవ్వ చావలేదు. చావాలంటే ముందు మనిషి ఉండాలి. నవల పూర్తయ్యాక ఆమె ఏ పేజీలోనూ ఉండదు, మొదటి వాక్యం నుంచీ ఉండదు. ఎవరూ ఆమెను చూసి ఉండరు, ఎవరూ ఆమెకు ఏ బాకీ ఉండరు. వాళ్లకు ఈ మాటే చెప్పు. యాదవ్వ అనే మనిషి ఎన్నడూ లేదని చెప్పు.

ఇకనుంచి అధ్యాయాలు పంపను. ఆ కట్ట నువ్వే ఉంచుకో, చిత్తు ప్రతి నుంచి మళ్లీ రాసుకుంటాను. ఎల్లారెడ్డి రమ్మని ఇంకోసారి రాయకు.

హన్మంతు


ఎల్లారెడ్డి,
ఆశ్వయుజ శుద్ధ విదియ

హన్మంతూ,

నెల దినాలు నీకు రాయొద్దనుకున్న. మొన్న జరిగింది చూసినంక రాయకుంటె నాకు బువ్వ పోతలేదు.

మొన్న పెత్రమాస, పెద్దల అమాస. పొద్దుగాల జంగమాయన వచ్చిండు. మా అత్తగారి దిక్కు పోయిన పెద్దల పేర్లు చెప్పి బియ్యం ఇచ్చినం. ఆయన జోలె సర్దుకొని లేస్తుంటె సత్యమ్మ, గంగాబాయి, ఇంకో ఎనిమిదిమంది గుంపుగ వచ్చిన్రు. చేతుల కొత్త ఇస్తారు. ఒక్కొక్కరు ఇంటి నుంచి గుప్పెడు గుప్పెడు తెచ్చి అండ్ల పోసిన బియ్యం, పక్కన చింతపండు, మీద ఒక ఉల్లిగడ్డ.

"ఎవరి పేరు మీదమ్మా?" అన్నడు జంగమాయన.

"యాదవ్వ పేరు మీద."

"ఏ ఇల్లు? ఏ ఊరు?"

"ఇల్లు లేదయ్యా, మునిగింది. ఊరు గూడ మునిగింది" అన్నది సత్యమ్మ. "కొడుకులు లేరు, బిడ్డలు లేరు. ఇచ్చెటోళ్లు ఎవలు లేరని మేమిస్తున్నం."

నేను కొయ్యలెక్క నిలవడ్డ. అట్లాంటి మనిషి ఎన్నడు లేదని చెప్పుమంటివి గద. ఆ ఉల్లిగడ్డ చూసినంక కండ్లల్ల నీళ్లు ఆగలే. వాళ్లు నా బుజం తట్టి, "ఊకోమ్మా, మంచిగనే పోయింది" అన్నరు. మాపటికి ఎంగిలిపూల బతుకమ్మ కాడ నా చేతులు ఆడలే.

నీకు అర్థమైతుందా? లేని మనిషికి పదిమంది ఊరోళ్లు బియ్యమిచ్చిన్రు. ఉన్న మనిషికి, మనను పెంచి పోయిన మనిషికి, ఏడేండ్లల ఎవలిచ్చిన్రు? నేను ఇయ్యాల్నంటె ఈ ఇంటి కోడలినైతి, ఈ ఇంటి పెద్దల వరుసనే అయిపాయె. ఇయ్యాల్సింది మేనల్లునివి నువ్వు. ఇచ్చినవా? అత్తకు దక్కిన మొదటి బియ్యం గదే, అది గూడ పేరు తప్పి.

చంపితె చంపకపోతివా! ఏడ్చి, తానం చేసి, ఏడాదికోసారి తలుసుకుందురు. పుట్టనే లేదంటె ఆ బియ్యం ఎవరికి పోవాలె?

ఆకరి దినాలల్ల అత్త ఎట్లున్నదో నువ్వు చూడలే. దిక్కులు గూడ మరిచిపోయింది పాపం. మునిగిన మన ఊరు మాకు పడమటికుంటె పొద్దంత తూర్పు మొకాన మా గడప మీద కూసుండేది. "అత్తా, మన ఊరు అటు గాదు, ఇటు" అని నేను జబ్బ పట్టి తిప్పేది. మళ్ల తూర్పుకే తిరిగేది. మతి పోయిందనుకున్నం. అట్లాంటి మనిషిని కథల మంచిగ తిట్టుకుంట తిరగనిస్తివి గద అని నేను ఎంత సంబరపడ్డనో నీకెట్ల తెలుస్తది?

అసలు మాట రాయి. ఆమెను ఎందుకు తీసేస్తున్నవు? కట్టుబడి, పట్నం పెద్దమనిషి అని రాస్తె చదవకుంటనే పొయ్యిల పెడత.

రాజమణి


కామారెడ్డి,
7 అక్టోబరు 1938

అక్కా,

పుస్తకాల భాషల ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపిన. ఇగ మన మాటల్నే రాస్తున్న.

పట్నపాయన యాదవ్వను మొరటన్నడని రాసిన. అబద్ధం. ఆ ముసలమ్మ కోసమే అచ్చు వేస్తనన్నడు. "మిగిలిన అధ్యాయాలు తొందరగ పంపు, బండెక్కెటప్పుడు ఆమె ఏమంటదో చూడాలె" అని మూడు ఉత్తరాలు రాసిండు. మూడింటికి జవాబు ఇయ్యలే. ఆ బండి ఘట్టం రాయరాక ఆమెనే తీసేద్దామనుకున్న.

ఊరు ఖాళీ చేసిన నాడు నువ్వు ఎల్లారెడ్డిల ఉంటివి. సామాను బండికెక్కిచ్చింది నేనొక్కన్నే. ఇసుర్రాయి పై రాయి ఎక్కిచ్చిన. కింది రాయి నేలల పాతి ఉండె, ఎంత ఊపినా కదలలే. అత్త బండి దిగి రాయి పక్కన కూసున్నది. "మా అత్త ఇసిరింది, నేను ఇసిరిన, కింది రాయి ఇడిచిపెట్టి నేను రానురా" అన్నది. పొద్దుమూకుతుండె. బండాయన తొందర పెట్టవట్టె. "రేపు గడ్డపార తెచ్చి పెకిలిస్త, రేపు తెస్త అత్తా" అన్న. "ఒట్టా?" అన్నది. నా నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఒట్టన్న. గప్పుడు లేచి బండెక్కింది. ఒక్క తిట్టు గూడ తిట్టలే.

ఆమెను మీ ఇంట్ల దించి తెల్లారి కామారెడ్డికి వచ్చిన. టేషన్ల నౌకరీకి పిలుపు అప్పటికే నా జేబుల ఉన్నది. రేపు తెస్త అన్ననాడే నాకు తెలుసు, పోనని. వారానికి వస్తనని రెండుసార్లు కబురు పంపిన. నీళ్లు వచ్చినయ్. కార్తీకంల ఆమె పోయిందని నువ్వు కబురు పంపినవు. కట్టె కాలినంకనే అందింది.

అత్త ఈ సంగతి నీకు చెప్పే ఉంటదనుకున్న. ఏడేండ్లు నీ మొకం చూసే ధైర్యం లేక ఆ గడప తొక్కలే. నువ్వు ఉత్తరంల రాయి అని రాస్తె ఎత్తిపొడుస్తున్నవనే అనుకున్న. గందుకే నిన్ను అనరాని మాటలన్న.

యాదవ్వను రాసుకుంట పోతుంటె పానం మంచిగుండె, తిడుతుంటె ఇంటికాడ ఉన్నట్టే ఉండె. బండి కాడికి వచ్చెటాలకు ఆమె నా దిక్కు చూసి "ఒట్టా?" అంటది. ఆమె లేకుంటె అడిగెటోళ్లు ఉండరు. గింతే అక్కా అసలు మాట.

నీ ఉత్తరం అందినంక రెండు దినాలు సెలవు పెట్టి పదో అధ్యాయం రాసిన. మేనల్లుడికి సాయిలు అని పేరు పెట్టిన. ఏం దాచలే. చదువుతవో, పొయ్యిల పెడతవో నీ ఇష్టం.

హన్మంతు


ఎల్లారెడ్డి,
ఆశ్వయుజ బహుళ సప్తమి

హన్మంతూ,

నాకు తెల్వదురా. అత్త నాకు చెప్పలే. ఆకరి ఊపిరి దాక నీ మీద ఒక్క మాట అనలే.

తూర్పుకు ఎందుకు కూసున్నదో ఇయ్యాల తెలిసింది. కామారెడ్డి తొవ్వ తూర్పుకు గద. ఊరి దిక్కు గాదు ఆమె చూసింది, నీ దిక్కు. మతి పోయింది ఆమెకు గాదు, నాకు. ఎన్నిసార్లు జబ్బ పట్టి పడమటికి తిప్పిన్నో! ప్రతిసారి నా చెయ్యి ఇదిలిచ్చి మళ్ల మళ్లేది. నీ జిమ్మడ, నాతోని గూడ పాపం చేయిస్తివి. నీ ఉత్తరం చదివి ఆ పొద్దంత పొయ్యి ముట్టియ్యలే. మీ బావ అటుకులు తిని పండుకున్నడు.

క్షమించిన అని రాస్తననుకోకు. రాయను.

పదో అధ్యాయం నిన్న చదివిన. ముందు నాకు తిట్లు పడ్డయ్. "చచ్చిందంటివి గద! బతికున్న మనిషికి బియ్యమిప్పిస్తివి గదనే! ఎంత అరిష్టం!" అని గంగాబాయి నా మీదికి లేచింది. చెంపలేసుకున్న. యాదవ్వ బతికే ఉన్నది, నేనే అబద్ధమాడిన అని చెప్పి చదువుడు మొదలు పెట్టిన.

సాయిలు "రేపు తెస్త" అన్న కాడికి వచ్చెటాలకు ఒక్క ఆకు చప్పుడు లేదు. తెల్లారి వాడు టేషన్ తొవ్వ పట్టిండని చదివిన. ఇగ చూడు! యాదవ్వ దగ్గర నేర్చుకున్న తిట్లన్ని తీసిన్రు. వాని నోరు పడిపోను అన్నది గంగాబాయి. నెత్తి మీద పెట్టిన చెయ్యి నెత్తికే అంటుకోను అన్నది సత్యమ్మ. నేను ఆపలే. వాడు నా తమ్ముడని చెప్పలే. వాళ్లతోని కలిసి నేను గూడ తిట్టిన, గొంతు పోయెదాక. నీకు తెలియాలె గద, గందుకే రాస్తున్న.

అంత సద్దుమణిగినంక సత్యమ్మ అడిగింది, "పై రాయి ఏమైంది మరి? యాదవ్వతోని వచ్చె గద." కట్ట మీది రాయి దిక్కు చూసిన. నా చూపు వెంట వాళ్లందరు చూసిన్రు. సత్యమ్మ లేచి రెండు చేతుల రాయి ఎత్తి, కడిగి, లోపలి అర్రల గోడకు ఆనిచ్చి పెట్టింది. ఇగ కట్టల మీద ఇటుకలు పెడుతున్నం.

సాపు ప్రతి యాకూబుకు ఇచ్చిన, పట్నపాయనకు పంపుకో. అత్త నోటి మాట ఒక్కటి దిద్దినా నేను ఊకోను. వచ్చే పెత్రమాసకు వాళ్లు బియ్యమియ్యరు. ఎంకవ్వ అని పేరు చెప్పి నువ్వియ్యాలె, నా గడపల నిలవడి.

అంతకన్న ముందు ఒక పని. ఎండకాలం నీళ్లు తగ్గితె మన ఇండ్ల మొండిగోడలు తేలుతయని బెస్తోళ్లు చెప్తున్నరు. కింది రాయి ఎటు పోతది, పాతిన కాడనే ఉంటది. గడ్డపార నేను తీసి పెట్టిన. బండి నువ్వు మాట్లాడుకొని రా. ఎప్పుడొస్తవో జవాబు రాయి.

రేపు అని రాయకు. తారీకు రాయి.

అక్క